చెక్కలన్నీ మార్చేశాక అది పాత పడవేనా? బ్రిటన్ కాలువ పడవల సంరక్షణపై ఒక సందేహం

ప్రశ్న

నమస్కారం. కొంతకాలంగా ఇంగ్లండులో ఉంటున్న నాకు, కాలువ గట్ల వెంట నడిచే అలవాటు వల్ల అక్కడి పాత సరుకు పడవల మీద ఆసక్తి పెరిగింది. 1761లో వర్స్లీ గనుల బొగ్గును మాంచెస్టరు వైపు మోయడం మొదలుపెట్టిన బ్రిడ్జ్‌వాటర్ కాలువతో ఊపందుకున్న ఆ రవాణా వ్యవస్థ, రైళ్లు వచ్చిన తరువాత కూడా వందేళ్లకు పైగా నిలిచి, 1970 నాటికి దాదాపుగా ఆగిపోయిందని చదివాను. సుమారు 7 అడుగుల వెడల్పు, 70 అడుగుల పొడవు ఉండే ఆ ‘నారోబోట్’లలో మిగిలిన కొన్నింటిని నేడు నీటి మీద నిలబెడుతున్నది ఎక్కువగా జీతం ఆశించని స్వచ్ఛంద కార్యకర్తలేనని కూడా తెలుసుకున్నాను.

అటువంటి బృందం ఒకటి ఇంజను లేని ఒక చెక్క పడవను బాగుచేస్తోంది. ముందు నడిచే మోటారు పడవ తన వెనుక తాడుతో లాక్కుపోయే జోడు పడవ అది. దానిని అక్కడ ‘బట్టీ’ అంటారు. నేను కూడా చేరాలని అనుకుంటున్నాను గాని, పని జరిగే చోటికి వెళ్లి చూసిన తరువాత ఒక సందేహం వదలడం లేదు. అడుగు పలకలన్నీ కొత్తవి. పక్క పలకలలో సగానికి పైగా కొత్తవి. పని పూర్తయ్యేసరికి ముందు భాగంలోని నిలువు దూలం, కొంత ఇనుప సామాను, పడవవారు నివసించిన చిన్న గదిలోని ఒకటి రెండు అరలు తప్ప పాతది ఏమీ మిగలకపోవచ్చునని వారే చెప్పారు. అప్పుడు మనం కాపాడినది చారిత్రక పడవనా, లేక పాత పేరు పెట్టుకున్న కొత్త పడవనా? ఇంత శ్రమ, ఇంత కలప పోసే బదులు, ఉన్నదానిని ఉన్నట్టుగా ఒక కప్పు కింద భద్రపరచడం మేలు కాదా? అసలు పడవ కంటే కాలువను కాపాడుకోవడమే ముందు పని కాదా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి జవాబు (చెక్క పడవల మరమ్మతులో పాల్గొంటున్న సభ్యుడు)

మీ సందేహం న్యాయమైనదే. ఈ పనిలోకి వచ్చిన ప్రతివారికీ ఏదో ఒక రోజు ఇది ఎదురవుతుంది. అయితే ఆ పడవ సరుకు మోసిన రోజులలో ఎలా బతికిందో తెలుసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

ఈ పడవలకు పక్క పలకలు ఓక్ కలపతో, అడుగు పలకలు ఎల్మ్ కలపతో వేసేవారు. అడుగు పలకలను పడవ పొడవునా కాకుండా అడ్డంగా పరిచేవారు; ఎప్పుడూ నీటిలో మునిగి ఉంటే ఎల్మ్ చాలాకాలం చెడకుండా ఉంటుంది. లోతు తక్కువైన కాలువ అడుగును రాసుకుంటూ, లాకుల గోడలను ఒరుసుకుంటూ పోయే పడవకు ఆ పలకలు అరగడం మామూలే. అందుకే రవాణా సంస్థలు తమ పడవలను క్రమం తప్పకుండా మరమ్మతు రేవుకు తెచ్చి, అతుకులలో నార దట్టించి తారు పోయించేవి, అరిగిన పలకలను మార్పించేవి. కొన్నాళ్లకు అడుగు మొత్తం కొత్తగా వేయించడం కూడా ఉండేది. కాబట్టి కట్టిననాటి చెక్క అంతా అలాగే ఉన్న పడవ, అది పనిచేసిన కాలంలోనే అరుదు. మేము నేడు పలక మార్చినప్పుడు ఆ పడవ చరిత్రకు అడ్డు తగలడం లేదు; అది బతికినంత కాలం దానికి జరిగిన పనినే కొనసాగిస్తున్నాము.

నన్ను భయపెట్టేది కొత్త చెక్క కాదు, ఆకారం చెడిపోవడం. ఇంత పొడవు, ఇంత తక్కువ వెడల్పు ఉన్న చెక్క పడవ వయసు మీదపడేకొద్దీ రెండు కొనల దగ్గర కిందికి వాలి, నడుము దగ్గర పైకి లేస్తుంది. కొన్నిచోట్ల పక్కలు బయటికి ఒరుగుతాయి. పాత పలకలన్నీ ఒకేసారి ఊడదీస్తే, ఆ పడవను కట్టిన రేవు పనివారు ముందు భాగానికి ఇచ్చిన వంపు ఏమిటో చెప్పేందుకు ఏమీ మిగలదు. ప్రతి రేవుకు తనదైన వంపు ఉండేది. పేరు చదవకుండానే, దూరం నుంచి ముక్కు చూసి ఇది ఫలానా చోట కట్టిన పడవ అని గుర్తుపట్టగలిగేవారు ఇప్పటికీ ఉన్నారు. అందుచేత విప్పకముందే అడుగడుగునా కొలతలు తీసి, వంపులకు అచ్చులు చేసుకొని, పడవను సమంగా ఆనించి, ఒక పలక తీసి దాని స్థానంలో ఒకటి వేసిన తరువాతనే రెండవదాని జోలికి పోవాలి. ఇది విసుగు పుట్టించేంత నెమ్మదిగా సాగే పని. తొందరపడిన చోట ఫలితం పడవలాగే ఉంటుంది గాని ఆ పడవ మాత్రం కాదు.

పలక వంచడం చూస్తే మీకు ఈ పని మీద ప్రేమ కలుగుతుందని నా నమ్మకం. దళసరి ఓక్ పలకను ఆవిరి పెట్టెలో పెట్టి, అంగుళం మందానికి సుమారు ఒక గంట చొప్పున ఉడికించి, బయటికి తీసిన కొద్ది నిమిషాలలోనే అందరూ కలిసి మోసుకెళ్లి, ముందు భాగపు వంపుకు బిగించాలి. చల్లబడితే ఇక వంగదు. ఆ కొద్ది నిమిషాలలో ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ బిగింపు ముందు బిగించాలి అన్నది కళ్లతో చూసి నేర్చుకోవలసిందే. పక్క పలకల లోపలివైపు పూసే పూత కూడా అటువంటిదే: తారు, పేడ, గుర్రపు వెంట్రుకలు కలిపి వేడిచేసి పూసి, దాని మీద మందపాటి నారగుడ్డ పరిచి, ఆ పైన లోపలి పలక కొట్టేవారు. నీరు చొరకుండా ఉండేందుకు పూర్వులు కనుగొన్న ఈ పద్ధతిని కొన్ని బృందాలు ఇప్పటికీ వదలలేదు.

ఒక్క విషయంలో మాత్రం మేము పాత దారిలో పోలేకపోతున్నాము. 1970ల నుంచి ఇంగ్లండులోని ఎల్మ్ చెట్లను ఒక శిలీంధ్ర వ్యాధి తుడిచిపెట్టింది. పెద్ద ఎల్మ్ పలకలు దొరకడం కష్టమైనందున అడుగు భాగానికి కొందరు ఓక్‌ను, కొందరు ఉష్ణదేశాల గట్టి కలపను వాడుతున్నారు. వాడినప్పుడు ఎక్కడ ఏ కలప వేశామో, ఎప్పుడు వేశామో రాసి పెట్టడం మా ధర్మం.

కప్పు కింద భద్రపరచడం గురించి అడిగారు. చెక్క పడవను నీటి నుంచి తీసి ఆరబెడితే పలకలు ముడుచుకుపోయి, అతుకులు తెరుచుకుంటాయి, చీలికలు వస్తాయి. నీటిలో ఉంచితే పై నుంచి కురిసే వాన నిలిచి, గాలి ఆడని మూలల్లో కుళ్లు పుడుతుంది. నీటిమట్టానికి కింద ఉన్న చెక్క కంటే పైన ఉన్న చెక్కే ముందు పాడవుతుందంటే కొత్తవారు నమ్మరు. ఏ దారి ఎంచుకున్నా రోజూ చూసుకొనే మనుషులు కావాలి. దానిని ఒకసారి బాగుచేసి వదిలేయడం ఎవరి తరమూ కాదు.

రెండవ జవాబు (పత్రాలు, సేకరణల పని చూసే సభ్యురాలు)

పైవారి అనుభవాన్ని గౌరవిస్తూనే కొంత విభేదిస్తాను. పని చేసే రోజులలో పలకలు మార్చారు కాబట్టి నేడు ఎంతైనా మార్చవచ్చునన్న వాదన నాకు పూర్తిగా నచ్చదు. ఆనాడు పడవ ఒక పనిముట్టు. నేడు అది సాక్ష్యం కూడా. తాడు ఒరుసుకొని పడిన గాట్లు, గదిలో ఒకదాని మీద ఒకటిగా పేరుకున్న రంగుల పొరలు, ఎవరో మేకు కొట్టి అరను సర్దుకున్న తీరు, 10 అడుగులు కూడా లేని ఆ గదిలో ఒక కుటుంబం ఎలా బతికిందో చెప్పేవి ఇవే. కొత్త పలక ఎంత నేర్పుగా వేసినా ఈ సంగతులు చెప్పలేదు. కాబట్టి బరువు మోసే పలకను మార్చక తప్పదని ఒప్పుకుంటాను గాని, గది లోపలి చెక్కను, పొయ్యి పక్కన మసిబారిన అరను, గులాబీలు కోటల బొమ్మలు వేసిన తలుపును మాత్రం ఎంత శిథిలమైనా నిలుపుకోవడానికి చివరిదాకా ప్రయత్నించాలని కోరుతాను. తీసివేసిన ముక్కలలో కొన్నింటినైనా గుర్తులు వేసి దాచాలి.

ఇంకొక చిక్కు ఉంది: పడవను ఏ కాలానికి తీసుకుపోవాలి? ఫెల్లోస్ మోర్టన్ అండ్ క్లేటన్ అనే సరుకు రవాణా సంస్థ 1909లో కట్టిన ‘ప్రెసిడెంట్’ ఆవిరి పడవను తీసుకోండి. బాయిలరు, ఇంజను సరుకు ఉంచే చోటును తినేసేవి. సిబ్బంది కూడా ఎక్కువమంది కావలసి వచ్చేవారు. అందుచేత ఆ సంస్థే తరువాత ఆవిరి యంత్రాన్ని తీసి డీజిలు జాతి ఇంజను పెట్టించింది. బాగుచేసేనాటికి ఆ పడవ ఆవిరితో నడిచిన కాలం కంటే అలా నడవని కాలమే ఎక్కువ. అయినా 1970లలో దానిని బాగుచేసినవారు మళ్లీ ఆవిరి యంత్రాన్నే అమర్చారు. బ్లాక్ కంట్రీ లివింగ్ మ్యూజియం ఆస్తిగా ఉన్న ఆ పడవను నేడు స్వచ్ఛంద మిత్రబృందం నడుపుతోంది. నేటి యంత్రం 1909 నాటిది కాదు. అయితే ఆవిరితో నడిచే సరుకు నారోబోట్ కాలువలో కదిలితే ఎలా ఉంటుందో, ఆ శబ్దం ఎలాంటిదో తెలుసుకోవడానికి అది తప్ప వేరే దారి లేదు. వారి నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. ఎందుకంటే వారు దానిని దాచిపెట్టలేదు. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పని పునరుద్ధరణే నాకు అభ్యంతరం.

సగానికి కోసి రెండు విహార పడవలుగా మార్చిన సరుకు పడవలు ఎన్నో ఉన్నాయి. వాటిని తిరిగి పూర్తి పొడవుకు అతికించాలని కొందరు ఉబలాటపడతారు. సరుకు ఆగిపోయిన తరువాత ఆ పడవ తుక్కుకు పోకుండా నిలిచింది అలా కోయబడినందువల్లనే కావచ్చు. ఆ దశను చెరిపివేసేముందు రెండుసార్లు ఆలోచించడం మంచిది.

మీరు చేరబోయే బృందాన్ని ఒక ప్రశ్న అడగండి: ఈ పడవ ఫలానాదే అనడానికి ఆధారం ఏమిటి? కాలువ సంస్థలు సుంకం వసూలు చేయడం కోసం పడవను తెలిసిన బరువులతో అంచెలంచెలుగా నింపి, ప్రతి అంచెలో నీటి పైన ఎన్ని అంగుళాలు మిగిలిందో కొలిచి పట్టికలు రాసుకున్నాయి. ఆ పట్టికలలో కొలతలతో పాటు కట్టిన చోటు, యజమాని వంటి వివరాలు దొరుకుతాయి. 1877, 1884 చట్టాల ప్రకారం కుటుంబాలు నివసించే పడవలను నమోదు చేసి, వాటిలో ఎంతమంది ఉండవచ్చో నిర్ణయించిన స్థానిక అధికారుల పుస్తకాలు వేరే ఉన్నాయి. ఎల్స్‌మియర్ పోర్టులోని జాతీయ జలమార్గాల మ్యూజియం పత్రాగారంలో ఇటువంటివి ఎన్నో భద్రంగా ఉన్నాయి. సుత్తి పట్టడం రానివారు ఆ పుస్తకాల ముందు కూర్చొని ఒక పడవ జీవితాన్ని వరుసగా పేర్చగలిగితే, అది పలక వేయడానికి తీసిపోని సేవ.

మూడవ జవాబు (కాలువల పునరుద్ధరణ శిబిరాలకు వెళ్లే సభ్యుడు)

పడవ ముందా కాలువ ముందా అన్న ప్రశ్న మీది మాత్రమే కాదు. 1946లో రాబర్ట్ ఐక్‌మన్, ఎల్.టి.సి. రోల్ట్ తదితరులు కాలువల పరిరక్షణ కోసం ఇన్లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ స్థాపించిన కొద్ది ఏళ్లకే దాదాపు ఇదే ప్రశ్న మీద ఆ సంస్థలో చీలిక వచ్చింది. ప్రతి కాలువనూ కాపాడవలసిందేనని ఐక్‌మన్ పట్టుబట్టారు. వాడుకలో ఉన్న కాలువలకు, వాటి మీద బతికే పడవవారి జీవనానికి ముందు చోటు ఇవ్వాలన్నది రోల్ట్ వైపువారి అభిప్రాయం. 1951లో రోల్ట్ ఆ సంస్థ నుంచి బయటికి పోవలసి వచ్చింది. చరిత్ర ఇద్దరినీ కొంతకొంత సమర్థించిందని నాకు అనిపిస్తుంది: పడవవారి జీవనం ఎవరు ఆపినా ఆగక అంతరించింది, పోయాయనుకున్న కాలువలు మాత్రం ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి.

అవి వాటంతట అవి రాలేదు. స్ట్రాట్‌ఫర్డ్ కాలువ దక్షిణ భాగాన్ని స్వచ్ఛంద కార్యకర్తలు, సైనికులు, ఖైదీలు కలిసి బాగుచేయగా 1964లో తెరిచారు. 1968లో ఆష్టన్ కాలువ దగ్గర 600 మందికి పైగా చేరి ఒక్క వారాంతంలో సుమారు 2,000 టన్నుల చెత్త ఎత్తిపోశారు. అదే ఏడాది వచ్చిన రవాణా చట్టం కాలువలను మూడు తరగతులుగా విభజించి, మూడవ తరగతి వాటికి పడవ ప్రయాణ యోగ్యంగా ఉంచవలసిన బాధ్యతను వదిలేసింది. ఆష్టన్ ఆ తరగతిలోనే ఉండేది; అయినా 1974లో మళ్లీ పడవలు నడిచాయి. 1970లో మొదలైన వాటర్‌వే రికవరీ గ్రూపు నేటికీ శిబిరాలు పెట్టి, మీవంటి కొత్తవారికి ఇటుక పని, పూడిక తీత నేర్పుతోంది. కెన్నెట్ అండ్ ఏవన్ 1990లో, హడర్స్‌ఫీల్డ్ కాలువ 2001లో తెరుచుకున్నాయంటే వెనుక ఇటువంటి ఎన్నో ఏళ్ల చాకిరీ ఉంది.

ఇక రెండింటికీ ఉన్న ముడి ఒకటి చెబుతాను. సరుకు పడవ నీటిలో లోతుగా కూర్చుంటుంది. బరువు వేస్తే మూడు అడుగులకు పైగా మునుగుతుంది. నేటి విహార పడవలకు అంత లోతు అక్కరలేదు. కాబట్టి పూడిక పెరిగిన చోట ముందుగా నేలకు తగిలి ఆగేది పాత సరుకు పడవే. అటువంటి పడవలు తిరుగుతూ ఉన్నంతకాలం, ఇక్కడ లోతు తగ్గింది, ఈ వంతెన కింద రాళ్లు పడ్డాయి అని నిర్వాహకులకు ఆధారంతో చెప్పగలం. అవి మ్యూజియంలోకి వెళ్లిపోతే కాలువను పాత లోతుకు తవ్వమని అడగడానికి మనకు బలమైన కారణం మిగలదు. అందువల్ల ఒకదానిని వదిలి ఒకదానిని ఎంచుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. పలకలు మార్చడం పడవ జీవితంలో భాగమేనన్న మాట నాకు తోచనే లేదు. రాసిపెట్టి, దాచి, చెప్పి మార్చాలన్న రెండవవారి హెచ్చరికను కూడా మనసులో పెట్టుకుంటాను. మరి వడ్రంగం తెలియని నాకు అక్కడ నిజంగా పని ఉంటుందా, లేక అడ్డం పడతానా? అదే బృందానికి ఒక ఇనుప పడవ కూడా ఉంది. దానికి ఈ చిక్కులు ఉండవని అనుకోవచ్చునా?

మొదటి జవాబు ఇచ్చినవారు

ఇనుప పడవకు చిక్కులు తక్కువని అనుకోకండి; అవి వేరు, అంతే. ముందు పడవ బయటి రేకు మందాన్ని శబ్ద తరంగాల పరికరంతో చోటుచోటుకూ కొలిపిస్తారు. పలచబడిన చోట పాత రేకు మీదనే కొత్త ఉక్కు రేకు వెల్డింగు చేయడం చవక, త్వరగా అయిపోతుంది. కాని రెండు రేకుల నడుమ తేమ చేరితే కనబడకుండా తినేస్తుంది, బరువు పెరిగి పడవ నీటిలో కూర్చునే తీరు మారుతుంది, పాత రివెట్ల వరుస కనుమరుగవుతుంది. చెడిన భాగాన్నే కోసి, కొత్త రేకును ఎర్రగా కాల్చిన రివెట్లతో బిగించడం సరైన పద్ధతి. అందుకు ఒకరు కాల్చాలి, ఒకరు అందించాలి, ఒకరు వెనుక నుంచి అదిమి పట్టాలి, ఒకరు కొట్టాలి. డబ్బు, మనుషులు చాలని బృందాలు మొదటి దారిని పట్టడాన్ని నేను తప్పు పట్టను, కానీ నీటిమట్టానికి పైన కనిపించే భాగంలోనైనా రివెట్లు నిలిపితే బాగుంటుంది. కొన్ని ఇనుప పడవలకు అడుగు ఎల్మ్ చెక్కదే ఉండేది. వాటికి రెండు రకాల కష్టాలూ ఉంటాయి.

మీరు అడ్డం పడరు. నీరు తోడడం, పాత తారు గీకడం, వాన నీరు నిలవకుండా పరదాలు సరిచూడడం, రెండు మూడేళ్లకొకసారి నల్లపూత వేయడం: పడవ ఆయుష్షు ఎక్కువగా ఈ చిన్న పనుల మీదనే ఆధారపడి ఉంటుంది. వీటికి ఎప్పుడూ చేతులు తక్కువే. పత్రాలు వెదకడం గురించి పైన చెప్పారు. అంతకంటే తొందరగా చేయవలసినది మరొకటి ఉంది. అథర్‌స్టన్ నుంచి సౌతాల్‌లోని జామ్ కార్ఖానాకు బొగ్గు మోసిన చివరి ఒప్పందం 1970లో ముగిసింది. ఆనాడు ఇరవై ఏళ్లున్న పడవవారికి నేడు డెబ్బై దాటాయి. రెండు పడవలను జోడుగా లాకులోకి ఎలా తెచ్చేవారు, వెనుక పడవకు తాడు ఎక్కడ ఎంత వదిలేవారు, సొరంగంలో ఎదురు పడవ వస్తే ఏమి చేసేవారు అన్నవి వారి చేతులకే తెలుసు. వారు ఉత్సవాలకు వచ్చినప్పుడు, వారి అనుమతితో, చుక్కాని పట్టుకొని చేసి చూపమని అడగండి, చిత్రీకరించండి. బ్రాన్‌స్టన్‌లో ప్రతి వేసవి జరిగే పాత నారోబోట్ల సమావేశం అందుకు మంచి చోటు.

చేరిన మొదటి రోజున ఆ బృందం పని పుస్తకం చూపమని కోరండి. ఏ పలక ఎప్పుడు తీశారో, ఎందుకు తీశారో, దాని స్థానంలో ఏమి వేశారో అందులో ఉంటే నిశ్చింతగా చేరవచ్చు. లేకపోతే, ఆ పుస్తకం మొదలుపెట్టే పని మీరే తీసుకోండి. వడ్రంగం రానివారు కూడా ఆ రోజు నుంచే చేయగల పని అది.